ముగ్గురు కొత్తవాళ్లు, ఒక ఇత్తడి బిళ్ల

తడి టెంటుని తడిగానే చుట్టి తెచ్చేవాళ్లంటే నిదానానికి ఒళ్లు మండుతుంది. రెండు రోజులు అలా వదిలేస్తే గుడ్డకి బూజు పడుతుంది, కుట్ల మీద పూత లేచిపోతుంది, ఆ వాసన ఇక ఈ జన్మకి వదలదు. కొండదారి ఆఫీసు వెనక గదిలో ఆరేళ్లుగా ఆమె పని అదే. అద్దెకి వెళ్లొచ్చిన టెంట్లని విప్పి, దులిపి, తీగల మీద ఆరేసి, జిప్పులకి కొవ్వొత్తి ముక్క రుద్ది, మేకులు సరిచూసి సంచిలో కట్టడం. ఒక్కో టెంటుకి గంట పడుతుంది ఆమెకి. అందుకే నిదానం అని పేరు పెట్టారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆ సాయంత్రం ఆమె బావ, అంటే అక్క మొగుడు, గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. కొండదారి మీద పదేళ్ల నుంచి గైడు. చొక్కా జేబు మీద గుండ్రటి ఇత్తడి బిళ్ల. ఆ బిళ్ల ఉన్నవాళ్లే మనుషుల్ని కొండ మీదికి తీసుకెళ్లాలి. లేనివాళ్లు వెనక గదిలో టెంట్లు ఆరేసుకోవాలి.

"రేపేగా మరదలా, మూడోసారి?"

"ఊఁ."

"ముచ్చటగా మూడు. ఇదీ పోతే ఆఫీసు వాళ్లు నీకో దణ్ణం పెట్టేస్తారు. ఇక ఈ గది, ఈ తీగలు, నువ్వు."

నిదానం జిప్పుకి కొవ్వొత్తి ముక్క రుద్దుతూనే ఉంది. బావ చెప్పింది అబద్ధం కాదు. ఎవరికైనా మూడే అవకాశాలు. రెండుసార్లు ఆమెకి ఉత్తరం వచ్చింది, రెండుసార్లూ ఒకటే వాక్యం: ఈసారి బిళ్ల ఇవ్వలేకపోతున్నాం. ఎందుకో రాయరు. పరీక్ష కూడా విచిత్రమైనదే. కొండ అంటే ఏమిటో తెలియని ముగ్గురు కొత్తవాళ్లని అప్పగిస్తారు. వాళ్లని రెండు రోజులు నడిపించి, మధ్యలో ఒక రాత్రి టెంట్లలో పడుకోబెట్టి, అవతలి కొసన ఉన్న టీ గది దాకా చేర్చాలి. వెంట అధికారి ఎవరూ రారు. కానీ వారం తిరక్కుండా ఉత్తరం వచ్చేస్తుంది. చూసేవాడు లేకుండా మార్కులెలా వేస్తారు? గైడులందరూ కలిసి తేల్చుకున్న జవాబు ఒక్కటే. ఆ ముగ్గురిలో ఒకరు మేకవన్నె పులి.

"నిరుడు నీతో వచ్చిన గడియారాలు బాగుచేసేవాడు గుర్తున్నాడా? అడుగడుక్కీ చెయ్యి చూసుకునేవాడన్నావు. వాడే," అన్నాడు బావ.

"గడియారాలవాడు వాచీ చూసుకోక ఇంకేం చూసుకుంటాడు బావా?"

"అలా అనుకునే రెండుసార్లు తన్నేసింది నీకు. ఈసారన్నా కళ్లు తెరువు. ఎవరో కనిపెట్టావా, ఇక వాళ్ల ముందే నీ ప్రతాపమంతా చూపించు. మిగతా ఇద్దర్నీ గొర్రెల్లా తోలుకెళ్లిపో." కాస్త ఆగి, బిళ్లని బొటనవేలితో తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు. "ఆ మొహం బాగా గుర్తు పెట్టుకో. వచ్చే నెల నాకూ పరీక్షేనట. పదేళ్లు దాటిన బిళ్లలు మళ్లీ మారుస్తారట."

అదన్నమాట సంగతి. ఆషామాషీగా రాలేదు బావ.

మర్నాడు పొద్దున్నే దారి మొదట్లో ఉన్న రాతి అరుగు దగ్గర ముగ్గురూ కలిశారు. నిదానం పట్టా పరిచి, "మీ బ్యాగులు ఇక్కడ విప్పండి, అన్నీ బయట పెట్టండి" అంది. అనడం ఒక పక్క, ముగ్గురి మొహాలూ చదవడం ఇంకో పక్క.

మొదటాయన పళ్ల డాక్టరు. యాభై ఏళ్లుంటాయి. టోపీ నుంచి బూట్ల దాకా అన్నీ కొత్తవే, ఒక బూటు అడుగున ధర కాగితం ఇంకా ఊడలేదు.

"ఈ బూట్లతో ఇంతకుముందు నడిచారా డాక్టరు గారూ?"

"నిన్న మధ్యాహ్నం క్లినిక్కులో వేసుకునే ఉన్నానండి. ఎందుకు, నడవాలా?"

"కొత్త బూట్లు కనీసం రెండు వారాలు ఊళ్లో వేసుకు తిరగాలి. లేకపోతే అవి మన కాలికి అలవాటు పడవు, మన కాలే వాటికి అలవాటు పడాల్సొస్తుంది."

డాక్టరు తలూపి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. నిదానం ఆ పుస్తకం వంక చూసింది. తిరునాళ్లకి వచ్చినట్టు కొత్త బట్టలు, పైగా చేతిలో పుస్తకం. ఇంత సులువుగా దొరికిపోతాడా?

రెండో ఆమె పార్సిలు ఆఫీసులో పని చేస్తానంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. మూడో ఆయనకి సొంత బేకరీ ఉంది. ఆయన బ్యాగులోంచి వస్తున్నవి చూస్తుంటే అది బ్యాగో, కాపురం మారే బండో అర్థం కాలేదు. రెండు దిండ్లు, మడత స్టూలు, గాజు సీసాలో నీళ్లు, రేకు డబ్బా నిండా బిస్కెట్లు, అన్నింటికీ అడుగున ఒక ఇనప పెనం.

"పెనం ఎందుకు బాబాయ్?"

"పొద్దున్నే గుడ్డు వేసుకుందామని తల్లీ."

"గుడ్లేవి?"

బేకరీ బాబాయ్ బ్యాగులోకి తొంగి చూసి, తన మీద తనే పగలబడి నవ్వాడు. "అవి ఇంట్లోనే ఉండిపోయాయి."

ఈయన పులి కాదు, పిల్లి కూడా కాదు అని తేల్చేసుకుంది నిదానం. ఆయనకి ఒక్కొక్కటీ చెప్తూ కూర్చుంటే పొద్దెక్కుతుంది. గబగబా తనే సర్దేసింది. స్లీపింగ్ బ్యాగు అడుగున, బరువైనవి నడుముకి పైన వీపుకి ఆనేలా, వాన కోటు అన్నింటికంటే పైన. దిండ్లూ స్టూలూ అరుగు దగ్గర గదిలో వదిలేయించింది. పెనం మాత్రం ఆయన వదల్లేదు. చివరికి అది నిదానం బ్యాగులోకే చేరింది.

"చూశారా డాక్టరు గారూ, బరువు వీపుకి దూరంగా ఉంటే మనల్ని వెనక్కి లాగేస్తుంది," అంది. సర్దింది బాబాయ్ బ్యాగు, చెప్పింది డాక్టరుకి.

నడక మొదలైంది. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లని ముందు పెట్టాలి. వాళ్ల అడుగే అందరి అడుగు కావాలి. ఈ సంగతి నిదానానికి తెలియనిది కాదు, వెనక గదిలో టెంట్లు ఆరేస్తూ తనకి తాను వందసార్లు చెప్పుకున్నదే. కానీ బాబాయ్‌ని ముందు పెడితే డాక్టరు వెనక్కి పోతాడు. తను చెప్పేవి ఆయన చెవిన పడేదెలా? అందుకని డాక్టరుని తన వెంటే ఉంచుకుంది. ఆయన వెనక పార్సిలు అక్క. అందరికంటే వెనక కొలిమి తిత్తిలా రొప్పుకుంటూ బాబాయ్.

దారి పొడుగునా ఆమె చెప్తూనే ఉంది. దాహం వేసేదాకా ఆగకుండా గుక్క గుక్కగా నీళ్లు తాగాలని, ఎక్కేటప్పుడు చిన్న అడుగులు వేయాలని, మాట్లాడుతూ నడవలేకపోతే అంత వేగం మనది కాదని. డాక్టరు అప్పుడప్పుడు ఆమె మొహంలోకి, కచ్చితంగా చెప్పాలంటే నోటి వంక, గుచ్చి గుచ్చి చూశాడు. చూసి పుస్తకం తీశాడు. ఏం తప్పు చెప్పానా అని నిదానం చెప్పిన మాటే మళ్లీ చెప్పింది. వెనకనుంచి, "కాస్త ఆగుతారా తల్లీ" అని రెండుసార్లు వినిపించింది. రెండుసార్లూ "ఇదిగో, వచ్చేశాం బాబాయ్" అని వెనక్కి చూడకుండానే అంది.

మధ్యాహ్నం చినుకులు పడితే కాసేపు ఆగారు. రెండు చెట్ల మధ్య పట్టా కట్టబోతుంటే, పార్సిలు అక్క తాడు చివర చేతిలోకి తీసుకుంది. రెండు మెలికలు తిప్పి ఒక్క లాగు లాగిందంతే, తాడు తీగలా బిగుసుకుంది. వాన ఆగాక ఒక్క కొస పట్టి గుంజింది. ముడి మాయం. అలాంటి ముడి బావకి కూడా రాదు.

నిదానం ఆ తాడు వంకే చూస్తుండిపోయింది. పుస్తకం పట్టుకుని అందరికీ కనబడేలా తిరిగేవాడు పరీక్ష పెట్టేవాడెలా అవుతాడు? దొంగ ఎక్కడైనా మెడలో గంట కట్టుకుంటాడా?

అప్పుడే అక్క ఎండిన వాగు వైపు చెయ్యి చూపించింది. "అక్కడ ఇసక మెత్తగా ఉంది కదమ్మా. టెంట్లు అక్కడే వేసుకోవచ్చుగా?"

కావాలనే అడుగుతోంది. "వద్దక్కా. ఇక్కడ చినుకు లేకపోయినా పైన ఎక్కడో వాన పడితే చాలు, నీళ్లు చెప్పకుండా వచ్చేస్తాయి. వాగుకి పైన, కాస్త ఎత్తులో వేసుకోవాలి. మరీ శిఖరం మీద కాదు, గాలి పీకేస్తుంది. నెత్తిన ఎండుకొమ్మలు ఉండకూడదు."

"ఓహో," అంది అక్క. ఇంకో ముక్క లేదు. ఆ 'ఓహో' వంద రకాలుగా వినిపించింది నిదానానికి.

అలా ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను ముడుల మీద వేసి ఆమె సాయంత్రానికి మెల్లకన్ను తెచ్చుకున్నంత పని చేసింది. పొద్దు వాలుతుండగా టెంట్లు వేసే చోటు చేరారు. డాక్టరుకి పక్కనుండి నేర్పింది. అక్క చెప్పకుండానే సగం వేసేసింది, మిగతా సగం నేర్పింది. బాబాయ్ మాత్రం పైగుడ్డని నేల మీద పరిచి, నేలగుడ్డని తల మీద కప్పుకుని నిలబడ్డాడు. డాక్టరు నవ్వాపుకోలేకపోయాడు. పరువు పోతోందనిపించింది నిదానానికి. ఒక్క ఉదుటున వెళ్లి, ఆయన చేతిలోంచి గుడ్డ లాక్కుని, ఐదు నిమిషాల్లో టెంటు నిలబెట్టేసింది. ఆరేళ్లలో ఆమె అంత తొందరగా ఏ పనీ చేయలేదు.

"నాక్కూడా చూపించొచ్చుగా తల్లీ," అన్నాడు బాబాయ్ చేతులు దులుపుకుంటూ. "మా అమ్మాయికి మాటిచ్చాను. ఇంటి వెనక టెంటు వేసి ఒక రాత్రి అందులో పడుకుందామని. అందుకే వచ్చానసలు."

"రేపు చూద్దాం బాబాయ్," అంది నిదానం, అక్క వంక చూస్తూ.

తెల్లవారుతుండగా ఆమె అందరికంటే ముందు లేచింది. డాక్టరు టెంటు గుమ్మం బయట, మంచులో తడుస్తూ, ఆ చిన్న పుస్తకం పడి ఉంది. తుడిచి లోపల పెడదామనే తీసింది. తీసిన చెయ్యి ఊరుకుంటుందా? తెరిచింది.

మార్కులు లేవు. ఇలా ఉంది:

'బేకరీ ఆయన ఎడమ పక్క నమలడు. పై దవడ పన్ను. అడిగితే నవ్వేస్తాడు. పార్సిలు ఆవిడ తాడు పళ్లతో తెంపుతుంది, మానమని చెప్పాలి. గైడు అమ్మాయి నిద్రలో పళ్లు కొరుకుతోంది. నా టెంటు దాకా వినిపించింది. పాపం, దేనికో బెంగ.'

నిదానం పుస్తకం మూసి ఎక్కడిదక్కడ పెట్టేసింది. దవడ నిజంగానే నొప్పిగా ఉంది.

అయితే అక్కే అన్నమాట. కానీ ఆ అనుమానం కూడా టీ కాచేదాకా నిలవలేదు. గ్లాసు అందుకుంటున్న అక్క బొటనవేలు గోటిదాకా నీలంగా ఉంది.

"ఏమైందక్కా వేలికి?"

"ముద్ర సిరా అమ్మా. ఇరవై రెండేళ్లుగా మూటలు కట్టడం, ముద్ర కొట్టడం. సబ్బులు అరిగాయి గానీ ఇది పోలేదు. ఇంట్లో ఉత్త తాడు కనబడితే చాలు, చెయ్యి దానంతటదే ముడేసేస్తుంది. మా ఆయన తన బూట్లు దాచుకుంటాడు." అని గ్లాసు ఊదుకుంది.

సిరా మరక అబద్ధం ఆడదు. మరి మిగిలింది?

నిదానం మెల్లగా తల తిప్పింది. బాబాయ్ టెంటులోంచి వెనక్కి పాకుతూ బయటికి వస్తున్నాడు, ఒక కాలికి సాక్సు, ఒక కాలికి లేదు. ఏ మనిషైనా గుడ్లు మర్చిపోయి పెనం మోసుకొస్తాడా? టెంటు గుడ్డని తల మీద కప్పుకుంటాడా? అంత తెలివితక్కువతనం పుట్టుకతో రాదు, నేర్చుకోవాలి. నాక్కూడా చూపించొచ్చుగా అన్నాడు. కాస్త ఆగుతారా అని రెండుసార్లు అడిగాడు. అవి బతిమాలడాలు కావు, ప్రశ్నలు! నిన్న పొద్దున నుంచి ఆయన అడిగిన ప్రతి ప్రశ్నకీ తను సున్నా తెచ్చుకుంటూ వచ్చింది.

"బాబాయ్, మీ టెంటు విప్పొద్దు," అంది. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అంటే, మీరే విప్పండి. నేను పక్కన కూర్చుంటాను."

ఆ పొద్దున రెండు గంటలు ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారు. బాబాయ్ టెంటు విప్పాడు, వేశాడు, మళ్లీ విప్పాడు, మళ్లీ వేశాడు. నిదానం చేతులు వెనక్కి కట్టుకుని మాటలతోనే చెప్పింది.

"ముందు మీరే పడుకుని చూడండి. వీపుకి రాయి తగిలిందా? తీసేయండి. నేల కాస్త వాలుగా ఉంటే తల ఎత్తు వైపు. ఇప్పుడు గాలి ఎటునుంచి వస్తోంది?"

బాబాయ్ వేలు నోట్లో పెట్టుకుని తడిపి గాల్లో పెట్టాడు. "ఎడమ నుంచి?"

"అయితే గుమ్మం?"

"ఎడమవైపు. గాలి బాగా వస్తుంది."

ఎంత అద్భుతంగా నటిస్తున్నాడో అనుకుంది నిదానం. "గాలి వస్తుంది బాబాయ్, వానా వస్తుంది. గుమ్మం గాలికి అవతలివైపు ఉండాలి. మొదటి మేకులు మాత్రం గాలి వచ్చే వైపు కొట్టాలి, గుడ్డ ఎగిరిపోకుండా. మేకు నిటారుగా కాదు, తల టెంటుకి అవతలివైపు వాలాలి. మన వైపు, అంటే టెంటు వైపు వాలితే తాడు పీకేస్తుంది."

ఒక మేకు వంగిపోయింది. ఆయన దాన్ని రాయి మీద పెట్టి సరిచేసి, పసిబిడ్డని చూసినట్టు చూసుకున్నాడు. రెండోసారి టెంటు నిలబడ్డాక లోపలికి దూరి, గుమ్మంలోంచి తల బయటపెట్టి, "ఉందా? పడిపోలేదా?" అని అడిగాడు. అక్క చప్పట్లు కొట్టింది. నిదానం మాత్రం ఆ కళ్లలో ఎక్కడన్నా నటన బయటపడుతుందేమోనని వెతుకుతూనే ఉంది. దొరకలేదు. ఆరితేరినవాడు అనుకుంది.

మేకులు లెక్కపెట్టి సంచిలో వేశాక చూస్తే, బాబాయ్ కుంటుతున్నాడు.

"కాలు చూపించండి."

"ఏం లేదు తల్లీ."

"చూపించండి."

సాక్సు తీస్తే మడమ ఎర్రగా కమిలిపోయి ఉంది. బొబ్బ లేవడానికి సిద్ధంగా ఉంది. ఎవరూ ఇంత నటించరు. లేదా నటన కోసం మడమ కమిలించుకునేంత పట్టుదల ఉన్న అధికారి అయ్యుండాలి.

"ఎప్పట్నుంచి?"

"నిన్న మధ్యాహ్నం నుంచి. చెప్తే అందరూ ఆగాల్సొస్తుందని ఊరుకున్నాను."

"ఆగడానికే కదా బాబాయ్ గైడు ఉన్నది." అన్నాక ఆ మాట తనకే గుచ్చుకుంది. "మడమ వెచ్చగా అనిపించగానే చెప్పాలి. అప్పుడైతే పట్టీ వేస్తే సరిపోతుంది. బొబ్బ లేచాక చెప్తే మందు వేయాలి. పొడి సాక్సులు ఉన్నాయా? తడివి బ్యాగుకి వేలాడదీయండి, నడుస్తుంటే ఆరతాయి. దిగేటప్పుడు బూటు తాడు చీలమండ దగ్గర బిగించి కట్టండి, వేళ్లు ముందుకి తన్నుకోకుండా."

ఆయన ఒక్కొక్కటీ పాఠం అప్పజెప్పినట్టు మళ్లీ చెప్పాడు. ఆ తర్వాత ఆయన్ని అందరికంటే ముందు నడిపించింది. ఆయన అడుగే అందరి అడుగైంది. విచిత్రమేమిటంటే, ఆ అడుగు నిదానం సొంత అడుగుకి సరిగ్గా సరిపోయింది. నిన్నంతా డాక్టరు కోసం పరుగులు పెట్టి తనే అలిసిపోయానని అప్పుడు తెలిసింది.

అనుకున్నదానికంటే రెండు గంటలు ఆలస్యంగా టీ గది చేరారు.

టీ గదిని నడిపేది తెల్లజుట్టు మనిషి. అందరూ టీ అమ్మ అంటారు. ఆమె టీలో చక్కెర వెతుక్కోవాలని బావ వెక్కిరిస్తాడు. ఆమెది ఒకటే పట్టు, నడిచొచ్చినవాళ్ల టీ అయ్యేదాకా గైడు లోపలికి రాకూడదు. బయట బెంచీ మీద కూర్చుని బూట్ల మట్టి గీక్కోవాలి. నిదానం కూడా అంతకుముందు రెండుసార్లు ఆ బెంచీ మీదే కూర్చుంది. ఈసారీ కూర్చుంది. బ్యాగు దించుతుంటే ఏదో ఖంగుమంది. బాబాయ్ పెనం. లోపలికి వెళ్లకూడదు గనక, పెరటి వైపు నుంచి అందిద్దామని గోడ పక్కగా నడిచింది. కట్టెల మోపు దాకా వెళ్లి ఆగిపోయింది.

పెరట్లో పాత ఆకుపచ్చ టెంటు ఒకటి నిటారుగా నిలబడి ఉంది. తాళ్లకి ఉన్న ముడులు చూస్తే అది పార్సిలు అక్క చేతిపని అని గుడ్డివాళ్లకి కూడా తెలుస్తుంది. పక్కన టీ అమ్మ. ఆమె అటూ ఇటూ చూసింది. కాలి బొటనవేలితో ఒక మేకు పీకింది. ఇంకోటి పీకింది. కడ్డీ లాగింది. టెంటు ఉసూరుమని కూలిపోయింది. ఆమె కొంగు సర్దుకుని, గొంతులో ఎక్కడలేని నీరసం తెచ్చుకుని పిలిచింది.

"డాక్టరు బాబూ, ఒకసారి ఇలా వస్తావా? గాలికి నా టెంటు మళ్లీ పడిపోయింది. ముసలిదాన్ని, నావల్ల కాదు."

గాలా? ఆకు కూడా కదలడం లేదు.

నిదానం పెనాన్ని గుండెకి హత్తుకుని మోపు వెనక కూలబడింది. గడియారాలవాడు కాదు. ఎవరూ కాదు. ఇన్నేళ్లూ అందరూ పక్కన నడిచేవాళ్ల మొహాలు చదివారు గానీ, టీ పోసే మనిషి మొహం ఒక్కరూ చూడలేదు. టీ అమ్మకి గైడు పనితనం అక్కర్లేదు. గైడు వెళ్లిపోయాక కొత్తవాళ్ల చేతుల్లో ఏం మిగిలిందో అది కావాలి. పోయినసారీ, ముందటిసారీ టెంట్లన్నీ తనే వేసింది, బాగా వేసింది. అప్పటి ఆ ఆరుగురికీ ఈ పెరట్లో చేతులు ఆడి ఉండవు.

డాక్టరు తంటాలుపడి టెంటు నిలబెట్టాడు. ఆయన లోపలికి వెళ్లగానే టీ అమ్మ మళ్లీ మేకులు పీకింది.

"బేకరీ బాబూ."

బాబాయ్ వచ్చాడు. కూలిన టెంటుని చూసి బుర్ర గోక్కున్నాడు. ఆయన టెంటు ముట్టుకోలేదు. నేల మీద వెల్లకిలా పడుకున్నాడు.

"ఏం చేస్తున్నావు నాయనా?"

"రాళ్లున్నాయేమో చూస్తున్నానండి." లేచి ఒక గులకరాయి తీసి పారేశాడు. వేలు తడిపి గాల్లో పెట్టాడు. "గాలి లేదే. పోనీ, కొండ వైపు నుంచి వస్తుందనుకుందాం. గుమ్మం అవతలికి." మొదటి మేకు సరిగ్గా కొట్టాడు. రెండోది తప్పు వైపు వాల్చాడు. నిదానం గోళ్లు పెనం పిడిని గీరాయి. మూడోది చేతిలోకి తీసుకుని ఆగి, రెండోదాని వంక చూసి, "నువ్వు మన వైపు వాలావేం" అని దానితోనే మాట్లాడి, పీకి మళ్లీ కొట్టాడు. పావుగంట పైనే పట్టింది. నిలబడింది.

"బాబూ, నా మడమ ఒకటి ఒరుసుకుపోతోంది," అంది టీ అమ్మ.

"ఎప్పట్నుంచండీ? వెచ్చగా అనిపించగానే ఆగాలి. ఊరుకోకూడదు. నేను ఊరుకుని చూశాను," అన్నాడు బాబాయ్, అచ్చం నిదానం గొంతుతో.

ఆయన లోపలికి వెళ్లాక టీ అమ్మ మోపు వైపు తిరక్కుండానే అంది. "పెనం ఎండకి మెరుస్తోంది. రా ఇలా."

నిదానం లేచి వచ్చింది.

"ఎప్పట్నుంచి ఉన్నావు అక్కడ?"

"డాక్టరు గారి టెంటు నుంచి."

"రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. ఎందుకు?"

"పొద్దున బేకరీ బాబాయ్‌కి టెంటు నేర్పాను."

"నిన్న ఎందుకు నేర్పలేదు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. వాన పడిందనొచ్చు, పొద్దుపోయిందనొచ్చు. నిదానం పెనం వంక చూసింది. "నిన్న ఆయన కాదనుకున్నాను."

"ఏం కాదనుకున్నావు?"

"పరీక్ష పెట్టేవారు. ఈ పొద్దున ఆయనే అనుకున్నాను. అందుకే నేర్పాను."

టీ అమ్మ నవ్వలేదు. కూర్చుని మేకులు ఒక్కొక్కటే పీకి మట్టి తుడవసాగింది. నిదానానికి వెనక గది, తీగలు, కొవ్వొత్తి ముక్క, అన్నీ వరసగా కళ్ల ముందు కదిలాయి. చేతులు ఊరుకోలేక ఆమె కూడా కూర్చుని మేకులు తుడిచింది.

"ఇప్పుడు నేనని తెలిసిపోయింది," అంది టీ అమ్మ చివరికి. "నేను కొండెక్కను. నీతో ఎప్పుడూ రాను. రేపట్నుంచి ఎవరనుకుని నేర్పుతావు?"

నిదానం తొందరపడలేదు. ఆఖరి మేకు సంచిలో పడేదాకా ఆలోచించింది.

"వచ్చిన ప్రతివాళ్లూ మీరే అనుకుంటాను."

టీ అమ్మ సంచి మూతి బిగించింది. "ఉత్తరం వారంలో వస్తుంది. ఈసారి కాస్త బరువుగా ఉంటుంది, జాగ్రత్తగా విప్పు. బిళ్ల కింద పడితే గీత పడుతుంది." లేస్తూ అంది, "బెంచీ మీదే ఉన్నావు నువ్వు. పెరట్లోకి రాలేదు."

"రాలేదమ్మా."

సాయంత్రం బస్సు ఆగే చోట బావ ఎదురుచూస్తున్నాడు. డాక్టరు బాబాయ్ దవడ పన్ను గురించి ఏదో సీరియస్‌గా చెప్తున్నాడు, అక్క ఇద్దరి బ్యాగులకీ తాళ్లు బిగిస్తోంది. బాబాయ్ పెనం చంకన పెట్టుకుని నిదానానికి చెయ్యూపాడు. బావ ముగ్గుర్నీ ఎగాదిగా చూసి మరదల్ని పక్కకి లాగాడు.

"చెప్పు. ఎవరు?"

"నీకు తెలుసుగా బావా, అలాంటివి చెప్పకూడదు."

"అంటే తెలిసిందన్నమాట. ఆ పుస్తకం ఉన్నాయనేనా? కాదు కాదు, ఆ ఆవిడ. చూడు, ముడులు ఎలా వేస్తోందో." బావ కళ్లు చిన్నవయ్యాయి. "కొంపదీసి, ఆ పెనం వాడా?"

"ఎవరైనా కావచ్చు. వచ్చే నెల నీతో వచ్చేవాళ్లలో అందరికంటే చేతకానివాడెవరో చూసుకో. వాడి చేతే టెంటు వేయించు. రెండుసార్లు."

"ఎందుకూ?"

"ఊరికే, అనుమానం."

బావ చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. ఏమీ దొరకలేదు. ఆఖరికి బిళ్ల తుడుచుకుంటూ, "టీ ఎలా ఉంది, చక్కెర వేసిందా ఆవిడ?" అన్నాడు, ఏదో ఒకటి అనాలని.

"ఈసారి సరిపోయింది," అంది నిదానం, తన బూటు తాడు విప్పి మళ్లీ కట్టుకుంటూ.